రంగు వేయకుండా నల్లబడే లోహం

ఇంటి ముందు ఇనప గేటుకు నల్లరంగు వేయించారనుకోండి. మొదటి ఏడు నిగనిగలాడుతుంది. రెండో వానాకాలం వెళ్లేసరికి గొళ్లెం ఆనే చోట రంగు లేచిపోయి తుప్పు కనిపిస్తుంది. మూడో ఏడు గోటితో గీరితే చాలు, పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. అదే వంటింట్లో అట్ల పెనాన్ని చూడండి. దానికి ఎవరూ రంగు వేయలేదు. పొయ్యి మీద కాగి కాగి నల్లబడింది. అట్లకాడతో రోజూ గీకుతున్నా ఆ నలుపు ఒక పట్టాన వదలదు.

గేటు మీది నలుపు బయటినుంచి తెచ్చి అంటించినది. పెనం నలుపులో మాడిన నూనె కూడా ఉన్న మాట నిజమే గాని, దాని అడుగున ఇనుము వేడెక్కి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనకు తానే కట్టుకున్న పొర ఉంది. మొదటిది తొడుగు. రెండోది చర్మం. తొడుగు ఊడుతుంది, చర్మం అంత తేలికగా ఊడదు.

టైటానియం అనే లోహానికి రంగు డబ్బా ముట్టకుండా, కేవలం వేడితో, ఇలాంటి నల్లని చర్మం తెప్పించడం ఈ వ్యాసంలో మన విషయం. కొలిమిలో పెట్టి కాలిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఈ లోహం నల్లబడే ముందు ఇంద్రధనుస్సులోని రంగులు ఒక్కొక్కటే చూపిస్తుంది. ఆ తర్వాత కాస్త ఏమరుపాటుగా ఉన్నామా, వచ్చిన నలుపు కాస్తా గోడ సున్నంలా రాలిపోతుంది.

ఇంతకీ ఈ నలుపు ఎందుకు? అందానికేనా?

అన్నీ ఉన్న లోహం, ఒక్కటి తక్కువ

టైటానియం మంచి లోహం. ఒక ఘన సెంటిమీటరు ఇనుము సుమారు 7.9 గ్రాములు తూగితే టైటానియం 4.5 గ్రాములే తూగుతుంది. దాని మిశ్రమ లోహాలు బలంలో మంచి ఉక్కుకు తీసిపోవు. సముద్రపు నీటిలో ఏళ్ల తరబడి నానినా తుప్పు పట్టదు. 1668 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కరగదు. మన శరీరం కూడా దాన్ని పరాయిదిగా చూడదు. విరిగిన ఎముకలకు వేసే పలకలు, మరలు దీనితో కూడా చేస్తారు. విమానాల్లో, జెట్ ఇంజన్లలో, రాకెట్లలో దీని వాడకం సంగతి సరేసరి.

కాని దీనికి ఒక పెద్ద లోపం ఉంది. రాపిడికి ఓర్వలేదు. టైటానియం బోల్టును టైటానియం నట్టులోకి బిగిస్తే, రెండు తలాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, చిన్న చిన్న చోట్ల అతుక్కుని, చిరిగి, చివరకు ఎటూ కదలకుండా పట్టేస్తాయి. తుంటి కీలు అరిగిపోయినవారికి కృత్రిమ కీలు అమర్చే శస్త్రచికిత్సలో తొడ ఎముక లోపలికి దిగే కాడను టైటానియం మిశ్రమ లోహంతో చేస్తారు. 1970లలో, 1980లలో కొన్ని కీళ్లకు పైన తిరిగే గుండును కూడా దానితోనే చేశారు. కొన్నాళ్లకు ఆ గుండ్లు అరిగాయి. అరిగిన లోహపు పొడి పడి కీలు చుట్టూ ఉన్న కండ నల్లబడింది. రోగికి మళ్లీ నొప్పి, మళ్లీ ఆపరేషను. దాంతో గుండుకు టైటానియం వాడటం మానేశారు. 

కనుక ఈ లోహానికి కావలసింది గట్టి చర్మం. రంగు వేస్తే తుంటి కీలులో ఎన్నాళ్లు ఉంటుంది? ఆ చర్మం లోహంలోంచే రావాలి.

మన ఇసుకలోనే ఉంది

1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు వాగులో దొరికిన ఒక నల్ల ఇసుకను పరీక్షించాడు. అయస్కాంతానికి అంటుకునే ఆ ఇసుకలో ఇనుముతో పాటు అంతవరకూ ఎవరికీ తెలియని మరో మూలకం ఉన్నట్టు కనిపెట్టాడు. 1795లో జర్మనీకి చెందిన క్లాప్‌రోత్ అదే మూలకాన్ని వేరే ఖనిజంలో చూసి, గ్రీకు పురాణాల్లోని టైటన్ల పేరు పెట్టాడు. ఈ క్లాప్‌రోత్ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

పేరు పెట్టడం తేలికే. లోహాన్ని శుద్ధంగా చేతబట్టడానికి ఇంకా వందేళ్లు దాటింది. 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ సాధించాడు. ఎక్కువ మొత్తంలో తీసే పద్ధతికి లక్సెంబర్గ్‌లో పుట్టిన విలియం క్రోల్ 1940లో పేటెంటు పొందాడు. టైటానియం క్లోరైడును మెగ్నీషియంతో కలిపి వేడి చేస్తే క్లోరిన్ మెగ్నీషియంతో పోతుంది, టైటానియం తేనెపట్టులా బొరియలు బొరియలుగా మిగులుతుంది. దాన్ని స్పాంజి అనే అంటారు. ఇంత తంటా ఎందుకంటే, టైటానియానికి ఆక్సిజన్ అంటే అంత ఆత్రం. ఒకసారి పట్టుకుంటే వదలదు.

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలో నడిచినవారు భీమునిపట్నం, కళింగపట్నం వైపు ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు చూసే ఉంటారు. అలలు తేలిక ఇసుకను ఈడ్చుకుపోగా మిగిలిన బరువు ఖనిజాలవి. వాటిలో ఇల్మనైటు ఒకటి. టైటానియానికి అదే ముఖ్యమైన ముడి ఖనిజం. కేరళలోని చవరలో హైదరాబాదు రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన పద్ధతితో టైటానియం స్పాంజి కర్మాగారం 2011లో మొదలయింది. హైదరాబాదులోనే 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రమ లోహాలను తయారుచేస్తుంది.

తెల్ల సున్నంలోంచి ఏడు రంగులు

టైటానియం కడ్డీని కోశారనుకోండి. కోసిన చోట వెండిలా మెరుస్తుంది. కాని మీరు చూస్తున్నది అసలు లోహాన్ని కాదు. కోసిన మరుక్షణమే గాలిలోని ఆక్సిజన్ వచ్చి కూర్చుంది. కొద్ది నానోమీటర్ల మందాన ఒక ఆక్సైడు పొర ఏర్పడింది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఇంత పలచని పొర కంటికి కనిపించదు. తుప్పు పట్టకుండా ఆ లోహాన్ని కాపాడేది మాత్రం అదే. గీత పడితే మళ్లీ దానంతట అదే కట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ కడ్డీని గాలిలో వేడి చేద్దాం. 400 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి వెండి మెరుపు మీద ఎండుగడ్డి రంగు తొంగిచూస్తుంది. తర్వాత బంగారు రంగు. ఇంకా వేడి పెంచితే ఊదా, ముదురు నీలం, ఆ పైన ఆకాశ నీలం. మళ్లీ కొంచెం వెలిసినట్టు పసుపు, గులాబి, ఆకుపచ్చ. ఎంత వేడి అన్నదే కాదు, ఎంతసేపు అన్నది కూడా లెక్కే. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా ఇంచుమించు ఇవే రంగులు వరసగా వస్తాయి.

ఆ పొర దేనితో చేసినది? ఒక టైటానియం పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన టైటానియం డైఆక్సైడు. ఈ పదార్థం మీకు కొత్త కాదు. గోడలకు వేసే తెల్ల రంగులో తెలుపునిచ్చేది ఇదే. చాలా రకాల టూత్‌పేస్టుల్లో తెలుపు కూడా ఇదే. పొడి చేస్తే మల్లెపువ్వులా తెల్లగా ఉండేది లోహం మీద పొరగా కట్టేసరికి ఊదా, నీలం ఎలా అయింది?

పొరలో రంగు లేదు. రంగు కాంతి ఆడే ఆట. పొర మీద పడిన కాంతిలో కొంత పైతలం నుంచే వెనక్కు తిరుగుతుంది. మిగిలినది పొరలోకి దూరి, అడుగున ఉన్న లోహాన్ని తాకి, అక్కడినుంచి తిరిగి పైకి వస్తుంది. రెండూ కలిసి మన కంటికి చేరతాయి. రెండోది కొంచెం ఎక్కువ దూరం నడిచింది, అదీ కాక టైటానియం ఆక్సైడులో కాంతి నడక నెమ్మది. అందుచేత అది వెనకబడి ఉంటుంది.

ఉయ్యాల ఊపేటప్పుడు చూడండి. ఊపుకు సరిగ్గా ఊపు కలిపి ఇద్దరు తోస్తే ఉయ్యాల అందనంత ఎత్తు లేస్తుంది. ఒకరు తోసే వేళకు ఇంకొకరు ఎదురు తోస్తే ఆగిపోతుంది. కాంతి తరంగాలూ అంతే. ఒకదాని శృంగం మీద రెండోదాని శృంగం పడితే ఆ రంగు బలపడుతుంది. శృంగం మీద ద్రోణి పడితే ఆ రంగు మాయమవుతుంది. పై తరగతుల పుస్తకాల్లో దీన్నే వ్యతికరణం అంటారు. వానవెలిసిన రోడ్డు మీద డీజిలు చుక్క పడితే కనిపించే రంగులు, సబ్బు బుడగ మీద రంగులు ఇలా వచ్చినవే.

పొర చాలా పలచగా ఉన్నప్పుడు ముందుగా రద్దయ్యేది పొట్టి తరంగాల నీలం. తెల్లని కాంతిలోంచి నీలం తగ్గితే మిగిలేది పసుపు. అదే మన ఎండుగడ్డి రంగు. పొర ఇంకొంచెం మందమయితే ఆకుపచ్చ వంతు వస్తుంది. అది తగ్గితే కంటికి ఊదాగా కనిపిస్తుంది. ఇంకా మందమయితే పసుపు, ఎరుపు తగ్గి నీలం మిగులుతుంది. ఈ నీలం వచ్చేసరికి పొర మందం సుమారు 50 నానోమీటర్లు. మీ తల వెంట్రుకను నిలువునా వెయ్యికి పైగా రేకులుగా చీరితే ఒక్కొక్క రేకు అంత ఉంటుంది.

ఇది నిజంగా రంగు కాదనడానికి ఒక చిన్న గుర్తు ఉంది. నీలం కట్టిన టైటానియాన్ని జిడ్డు వేలితో తాకితే ఆ చోట రంగు మారినట్టు కనిపిస్తుంది. జిడ్డు తుడిచేస్తే మళ్లీ నీలం. గోడ రంగు అలా చేస్తుందా?

మీరే చూడవచ్చు

టైటానియం దొరకడం కష్టం. దొరికినా ఇంట్లో కాల్చే పని పెట్టుకోవద్దు. దాని కడ్డీ మంచిదే గాని, దాని పొడి, రజను అంటుకుంటే ఆగవు. నీళ్లు పోస్తే నీటిలోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుని హైడ్రోజన్‌ను వదులుతుంది, మంట పెరుగుతుంది. మనం ఊపిరి పీల్చే గాలిలో మంటను ఆర్పే నత్రజనిలో కూడా టైటానియం మండగలదు. 

మనకు కుట్టుసూది చాలు. ప్రయోగశాలలో మీ మాస్టారు దగ్గరుండగా, పొడుగాటి ఉక్కు సూదిని పటకారుతో ఒక చివర పట్టుకుని, రెండో చివరను స్పిరిటు దీపం మంటలో పెట్టండి. కొవ్వొత్తి వద్దు, మసి పట్టి అంతా పాడవుతుంది. మంటలో ఉన్న భాగాన్ని కాక, మంటకు బయట ఉన్న భాగాన్ని చూడండి. గడ్డి రంగు పట్టీ ఒకటి మెల్లగా పటకారు వైపు పాకుతుంది. దాని వెనకే ఊదా, దాని వెనకే నీలం. సూదిని తీసి చల్లార్చి గుడ్డతో తుడవండి. రంగులు పోవు. 

మన ఊళ్లలో కమ్మరులకు ఈ రంగులే ఉష్ణమాపకం. కొడవలిని, ఉలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది గాని గాజులా పెళుసవుతుంది. అందుకని మళ్లీ కొంచెం వేడి చూపిస్తారు. 220 డిగ్రీల చుట్టుపక్కల ఉక్కు మీద గడ్డి రంగు, 300 డిగ్రీల దగ్గర నీలం. కావలసిన రంగు రాగానే కొలిమి నుంచి తీసేస్తారు. థర్మామీటరు చూడకుండా ఇరవై ముప్పై డిగ్రీల తేడా కంటితో పట్టడం చిన్న విద్య కాదు.

నీలం దాటి నలుపుకు

సరే, రంగులు వచ్చాయి. ఇవి నిలుస్తాయా? ఎండకు వెలవవు, వానకు కరగవు. కాని 50 నానోమీటర్ల పొర తాళంచెవి గీతకు ఆగుతుందా? వేలికి పెట్టుకున్న టైటానియం ఉంగరం మీద నీలం కొన్నాళ్లకు అంచుల దగ్గర అరిగి, కింద వెండి తెలుపు బయటపడుతుంది. రాపిడికి ఓర్చే చర్మం కావాలంటే ఈ అందమైన రంగులు దాటి ముందుకు పోవాలి.

600 డిగ్రీలు దాటనిచ్చి గంటల తరబడి అక్కడే ఉంచితే పొర మందం నానోమీటర్లు దాటి మైక్రాన్లలోకి, అంటే వెయ్యి నానోమీటర్ల లెక్కలోకి వస్తుంది. పొర ఇంత మందమయ్యాక ఒక రంగును వేరుచేసి రద్దు చేయడం కుదరదు. అన్ని రంగులూ కలగాపులగం అవుతాయి. ఇంద్రధనుస్సు ఆగిపోతుంది. తలం కూడా నునుపు తగ్గి మసక బారుతుంది. మిగిలేది ముదురు బూడిద రంగు. టైటానియం తనంతట తాను కట్టుకునే నలుపు ఇదే. నిజం చెప్పాలంటే కాటుక నలుపు కాదు, పలక మీద బలపం చెరిపిన తర్వాత ఉండే నలుపు.

ఇంతటితో సగం కథే. రెండో సగం కంటికి కనిపించదు. టైటానియానికి ఆక్సిజన్ మీద ఎంత ఆత్రమంటే, పైన ఆక్సైడుగా కట్టుకోగా మిగిలినదాన్ని లోపలికి కూడా పీల్చుకుంటుంది. లోహపు పరమాణువుల మధ్య సందుల్లో ఆక్సిజన్ పరమాణువులు దూరి కూర్చుంటాయి. నీటిలో పంచదార కరిగినట్టు ఘన లోహంలోనే ఆక్సిజన్ కరుగుతుందన్నమాట! అలా కరిగిన మేర లోహం గట్టిపడుతుంది. పైన గట్టి ఆక్సైడు, దాని కింద ఆక్సిజన్ పట్టిన గట్టి లోహం, దాని కింద మామూలు లోహం. మెత్తని పరుపు మీద గాజు పలక పెడితే అడుగేయగానే పగులుతుంది. దాని కింద చెక్క బల్ల ఉంటే ఆగుతుంది. ఈ మధ్య పొర చెక్క బల్ల పని చేస్తుంది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో 1990లలో ఈ పద్ధతి మీద బాగా పనిచేశారు. ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం కలిసిన మామూలు టైటానియం మిశ్రమ లోహాన్ని 600 నుంచి 650 డిగ్రీల ప్రాంతంలో గాలిలో చాలా గంటలు ఉంచితే, పైన ఒకటి రెండు మైక్రాన్ల గట్టి ఆక్సైడు, దాని కింద ఇరవై మైక్రాన్ల దాకా ఆక్సిజన్ పట్టిన లోహం వచ్చాయి. తలం గట్టిదనం ముందున్నదానికి సుమారు మూడింతలయింది. రాపిడిలో పట్టేసే దుర్గుణం తగ్గింది.

మరి 600 ఎందుకు? 900 డిగ్రీలు పెడితే ఇంకా తొందరగా, ఇంకా మందంగా వస్తుంది కదా? ఇక్కడే తొందరపాటుకు శిక్ష పడుతుంది. 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే ఇద్దరు ఒక తేలిక లెక్క చెప్పారు. లోహం ఆక్సైడుగా మారితే దాని ఘనపరిమాణం ఎంతవుతుందో చూడమన్నారు. మెగ్నీషియంలో 100 భాగాల లోహం 81 భాగాల ఆక్సైడే అవుతుంది. పొర చాలక చిల్లులు పడుతుంది, లోహాన్ని కప్పలేదు. అల్యూమినియంలో 100 భాగాలు 128 అవుతాయి, ఒద్దికగా కప్పుతుంది. టైటానియంలో 100 భాగాలు 173 భాగాలవుతాయి. పలచగా ఉన్నంతసేపు పరవాలేదు. మందం పెరిగేకొద్దీ ఆ పొరకు చోటు చాలదు. ఇరుకు బెంచీ మీద ఇద్దరు ముగ్గురు అదనంగా కూర్చుంటే చివరివాడు ఎగిరి పడ్డట్టు, పొర పగిలి పైకి లేస్తుంది. 800 డిగ్రీలు దాటించి ఎక్కువసేపు ఉంచిన టైటానియం మీద తెల్లగా, లేత పసుపుగా పెచ్చులు లేస్తాయి. గోటితో గీరితే రాలిపోతాయి. మన గేటు రంగు కన్నా కనాకష్టం.

అందుచేత వేడి తక్కువ, సమయం ఎక్కువ. వస్తువును ముందు జిడ్డు లేకుండా కడగాలి, లేకపోతే వేలిముద్రలు కూడా కాలి అచ్చుపడతాయి. కొలిమి వేడి అన్ని వైపులా సమంగా ఉండాలి. చల్లార్చడం కూడా నిదానంగా జరగాలి.

ఒకరికి వరం, ఒకరికి శాపం

లోపలికి పోయిన ఆక్సిజన్ లోహాన్ని గట్టి పరుస్తుందన్నాం. గట్టిదనంతో పాటు పెళుసుదనమూ వస్తుంది. ఒరుసుకునే భాగానికి ఇది మేలు. వంగుతూ, కంపిస్తూ పనిచేసే విమాన భాగానికి ఇదే కీడు. పెళుసు పొరలో చిన్న పగులు పుడితే అక్కడినుంచి లోపలికి పాకుతుంది. అందుకని విమాన భాగాలను వేడి చేసి మలిచాక, పైన పట్టిన ఈ గట్టి పొరను ఆమ్లాలలో ముంచి మరీ తీసేస్తారు. ఒక కర్మాగారంలో గంటల తరబడి కష్టపడి తెప్పించుకునేదాన్ని పక్క కర్మాగారంలో కష్టపడి వదిలించుకుంటారు.

టైటానియాన్ని వెల్డింగు చేసేవారికి ఈ రంగులంటే మరీ భయం. కరిగిన లోహానికి గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ వాయువును పారిస్తూ అతుకు వేస్తారు. పని అయ్యాక పరీక్షకుడు వచ్చి రంగు చూస్తాడు. వెండిలా ఉంటే మేలు. లేత గడ్డి రంగయితే పరవాలేదంటాడు. నీలం కనిపిస్తే ముఖం చిట్లిస్తాడు. బూడిద రంగో, తెల్లపొడో కనిపిస్తే ఆ అతుకు కోసి పారేయవలసిందే. ఇందులో ఒక చిక్కుంది. పసుపు రెండుసార్లు వస్తుందని చెప్పాను కదా, పలచని పొరలో ఒకసారి, నీలం దాటాక ఇంకోసారి. కనుక పసుపు కనిపించినంత మాత్రాన నమ్మడానికి లేదు. దాని పక్కన ఏ రంగులున్నాయో కూడా చూడాలి.

అక్క నల్లన

టైటానియం బూడిద నలుపు దగ్గరే ఆగిపోయింది. ఆవర్తన పట్టికలో సరిగ్గా దాని కిందనే ఒక లోహం ఉంది, జిర్కోనియం. గుణాల్లో ఇద్దరూ తోబుట్టువులే. దీన్ని కూడా కనిపెట్టింది మన క్లాప్‌రోతే, 1789లో. ఇద్దరూ ఒకే ఇసుకలో దొరుకుతారు. భీమునిపట్నం తీరపు బరువు ఇసుకలో ఇల్మనైటు పక్కనే జిర్కాన్ రేణువులు ఉంటాయి. ఈ అక్కను వేడి చేస్తే నిజంగా నల్లబడుతుంది. నిగనిగలాడే కాటుక నలుపు.

జిర్కోనియం డైఆక్సైడు కూడా పొడిగా ఉంటే తెల్లనిదే. మరి నలుపెలా వచ్చింది? లోహాన్ని అంటిపెట్టుకుని నెమ్మదిగా పెరిగిన పొరలో ఆక్సిజన్ పరమాణువులు ఉండవలసిన స్థానాలు కొన్ని ఖాళీగా మిగిలిపోతాయి. ఆ లోటు ఉన్న పొర కాంతిని మింగుతుంది. ఇది వ్యతికరణం రంగు కాదు, పదార్థంలోనే ఉన్న నలుపు. అందుచేత పొర కొంచెం అరిగినా రంగు మారదు. ఆ పొర పగిలి ఆక్సిజన్ యథేచ్ఛగా చొరబడితే ఖాళీలు నిండి తెల్లబడుతుంది. నలుపు ఆరోగ్యం, తెలుపు జబ్బు!

ఇది హైదరాబాదులో రోజువారీ పని. 1971లో అక్కడ ఏర్పడిన అణు ఇంధన సముదాయంలో రియాక్టర్ల కోసం జిర్కోనియం మిశ్రమ లోహపు గొట్టాలు తయారవుతాయి. న్యూట్రాన్లను ఎక్కువగా మింగదు కాబట్టి ఆ పనికి జిర్కోనియమే తగినది. కైగా, కాక్రపార్‌లలో ఉన్నలాంటి 220 మెగావాట్ల రియాక్టరు ఒక్కొక్కదానిలో పీడన గొట్టాలు 306 ఉంటాయి. వాటిలోంచి వేడి భారజలం అధిక పీడనంతో పారుతూ ఉంటుంది. వాడే ముందు ఆ గొట్టాలను పెద్ద ప్రెషరు కుక్కరు లాంటి పాత్రలో పెట్టి, 400 డిగ్రీల నీటి ఆవిరిలో గంటల తరబడి ఉడికిస్తారు. ఆక్సిజన్‌ను ఈసారి గాలి కాదు, నీటి ఆవిరి ఇస్తుంది. నల్లని, మెరిసే, పలచని చర్మం కడుతుంది. బయటికి తీశాక తెల్ల మచ్చలు కనిపిస్తే అది లోపానికి గుర్తు.

ఇదే చర్యకు ఇంకో ముఖం ఉంది. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం, సునామీ తర్వాత రియాక్టర్లను చల్లబరిచే నీరు ఆగింది. ఇంధనం చుట్టూ ఉన్న జిర్కోనియం గొట్టాలు వెయ్యి డిగ్రీలు దాటి వేడెక్కాయి. అప్పుడూ జిర్కోనియం ఆవిరిలోని ఆక్సిజన్‌నే తీసుకుంది, కాని చర్మం కట్టేటంత నిదానంగా కాదు, ఆగకుండా. మిగిలిన హైడ్రోజన్ భవనాల్లో పేరుకుని పేలింది. 400 డిగ్రీల దగ్గర రక్షణ కవచం కట్టిన చర్యే అక్కడ పైకప్పులను ఎగరగొట్టింది.

తుంటి కీలు గుండు సంగతి మిగిలిపోయింది కదా. రెండున్నర శాతం నియోబియం కలిపిన జిర్కోనియంతో మన పీడన గొట్టాలు చేస్తారు. సరిగ్గా అదే మిశ్రమ లోహాన్ని వైద్యరంగం కూడా తీసుకుంది. గుండును మలిచి, సుమారు 500 డిగ్రీల గాలిలో కొన్ని గంటలు ఉంచి, ఐదు మైక్రాన్ల నల్లని చర్మం తెప్పించి, అద్దంలా మెరుగు పెడతారు. 1990ల చివర మోకాలి కీళ్లతో మొదలై, తర్వాత తుంటి కీళ్లకు వచ్చింది. దానికి ఎదురుగా తిరిగే ప్లాస్టిక్ గిన్నెను అది తక్కువగా అరగదీస్తుంది. నికెల్ పడనివారికి కూడా ఇది వాడతారు, ఎందుకంటే మామూలుగా వాడే కోబాల్టు మిశ్రమ లోహంలో కొద్దిగా నికెల్ ఉంటుంది.

అయితే ఐదు మైక్రాన్ల కింద ఉన్నది మెత్తని లోహమే. రోగి జారిపడి కీలు తప్పితే, గుండు వెళ్లి లోహపు గిన్నె అంచుకు రాసుకుని ఆ నల్ల పొర చిరిగిన సందర్భాలున్నాయి. అలా చిరిగిన గుండు త్వరగా అరుగుతుంది. అందుకే కీలు సర్దిన తర్వాత కూడా వైద్యులు దాన్ని కనిపెట్టి చూస్తుంటారు. ఎక్స్‌రేలో మాత్రం ఆ నలుపు తెలియదు. ఇంత శ్రమపడి నల్లబరిచిన గుండు ఫిల్ము మీద తెల్లగానే పడుతుంది.